సూరన్న మామ పంపిన సిగ్నళ్ళు

శనివారం మధ్యాహ్నం బరంపురం బస్సు దిగిన హేమ ఇంటికి కూడా వెళ్ళలేదు. సంచి భుజాన ఉండగానే తిన్నగా ఐసు ఫ్యాక్టరీకి నడిచింది. లోపలి గదిలో మూల బల్ల మీదున్న పాత కంప్యూటరు ముందు కూర్చుని ఫైలు తెరిచింది. తెరిచి, రెండు చేతులతో తల పట్టుకుంది.

సోమవారం పొద్దున్న అయిదూ పది వరకు లెక్క బుద్ధిగా ఉంది. నిమిషానికో వరుస. ఉప్పునీళ్ళ తొట్టె మైనస్ తొమ్మిది డిగ్రీలు, మైనస్ తొమ్మిది, మైనస్ పది. అయిదూ పది తర్వాత ఏమీ లేదు. మళ్ళీ అయిదూ నలభైకి మొదలు. మంగళవారం అయిదూ పన్నెండు నుంచి అరగంట ఖాళీ. బుధవారం ఖాళీ. గురువారమూ అంతే, శుక్రవారమూ అంతే. ఎలకలు కొరికిన చీరలా ఉంది ఆ ఫైలు.

హేమ బరంపురంలో కంప్యూటరు డిప్లొమా మూడో సంవత్సరం చదువుతోంది. అక్కడే హల్దియాపదర్‌లో విజయకుమారి పిన్ని ఇంట్లో ఉంటుంది. ఆఖరి ఏడు ప్రాజెక్టుకి, తన ఊరి ఐసు ఫ్యాక్టరీలో ఐసు గడ్డకట్టించే ఉప్పునీళ్ళ తొట్టె చల్లదనాన్ని నిమిషానికోసారి చూసి ఫైల్లో రాసుకునే ప్రోగ్రాము సి భాషలో రాసింది. తొట్టెలోకి ఒక తీగ వేలాడుతుంది, దాని రెండో కొస కంప్యూటర్లో ఉంటుంది, మధ్యలో హేమ రాసిన మూడు వందల వరుసలు ఉంటాయి. ప్రోగ్రాము పేరు 'ఐసు'. ఫ్యాక్టరీ యజమాని జగదీష్ బాబు మంచి మనసుతో ఆ పాత కంప్యూటరు వాడుకోమన్నాడు.

కాలేజీలో సారు పెట్టిన షరతు ఒక్కటే. "ఏడు రోజుల రికార్డు తీసుకురండి. తెగకుండా. మధ్యలో తెగితే నాకు చూపించకండి." చూపించకపోతే ప్రాజెక్టు పేపరు పోతుంది. ఆ ఒక్క పేపరు కోసం వచ్చే ఏడాది కింది తరగతి పిల్లల పక్కన కూర్చోవాలి. ఇంట్లో నాన్న నరసన్న ముందే చెప్పేశాడు. "మూడేళ్ళన్నావు. మూడేళ్ళే. నాలుగో ఏడు మాటెత్తకు." సముద్రం మీద చేపల వేటకెళ్ళి వచ్చిన మనిషి మాట అది. ఎత్తడానికి హేమకి ధైర్యమూ లేదు.

అసలు హేమకి ఏ మాటెత్తడానికీ ధైర్యం లేదు. క్లాసులో హాజరు పిలిస్తే ఆమె బదులు పక్కనున్న సస్మిత పలికే రోజులున్నాయి. గదికి ఆ పక్కనే తొట్టె దగ్గర సూరన్న మామ గొలుసు పట్టుకుని ఐసు డబ్బాలు పైకి లాగుతున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ఫ్యాక్టరీని నడిపేది ఆయనే. రాత్రీ పగలూ ఇక్కడే ఉంటాడు. "మామా, పొద్దున్న అయిదింటికి ఏమవుతోంది?" అని ఒక్క ప్రశ్న అడిగితే అయిపోయేది. హేమ అడగలేదు. ప్రోగ్రాము తెరిచి, ఇంకో నలభై వరుసలు రాయడానికి కూర్చుంది.

ఎవరో ప్రోగ్రాముని ఆపుతున్నారు, అంతవరకు తెలుసు. నడుస్తున్న ప్రోగ్రాముకి బయటినుంచి వచ్చే కబురునే సిగ్నల్ అంటారు. ఒక్కో కబురుకి ఒక్కో నంబరు. కంట్రోలు, సి రెండు మీటలూ కలిపి నొక్కితే రెండో నంబరు కబురు వెళుతుంది. ఆ కబురు వస్తే ఏం చెయ్యాలో ప్రోగ్రాములో ముందే రాసుకోకపోతే, ప్రోగ్రాము అక్కడికక్కడే ప్రాణం వదిలేస్తుంది. రాసుకుంటే, రాసినట్టు చేస్తుంది; అలా రాసుకున్న ముక్కనే హ్యాండ్లర్ అంటారు. కంప్యూటరు పెట్టిన రోజు "ఎప్పుడన్నా ఆపాలంటే ఇవి నొక్కు మామా" అని ఆ రెండు మీటలూ, మళ్ళీ మొదలెట్టే తీరూ చూపించింది హేమే. ఎందుకు చూపించానురా దేవుడా అనుకుంటూ, "రెండో కబురు వస్తే, వచ్చిందని ఫైల్లో రాయి, ఆగకు" అని ప్రోగ్రాముకి నేర్పింది. పరీక్షించింది. ఎన్నిసార్లు నొక్కినా ఆగలేదు. నిమిషానికోసారి, తను బతికే ఉన్నానని అందరికీ తెలిసేలా, స్పీకర్లోంచి 'టింగ్' మంటూనే ఉంది.

"ఏటే హేమా, ఎప్పుడొచ్చినావు?" అన్నాడు సూరన్న తలుపులోంచి తొంగి చూసి.

"ఇప్పుడే మామా."

"నీ మిషను బాగానే ఉందా?"

"ఉంది మామా."

అంతే. ఇద్దరూ తల ఊపుకున్నారు.

తర్వాతి శనివారం ఫైలు తెరిస్తే సోమవారం అయిదూ తొమ్మిదికి "2 వచ్చింది" అని ఉంది. దాని కింద మళ్ళీ "2 వచ్చింది." దాని కింద మళ్ళీ. హేమ లెక్కపెట్టింది. పదకొండుసార్లు. ఆ మనిషి మీటలు విరిగేలా నొక్కాడన్నమాట. పదకొండోదాని తర్వాత అరగంట ఖాళీ.

హేమ సస్మితకి ఫోను చేసింది. సస్మిత ఒడియా పిల్ల, ప్రాజెక్టులో జంట. ధైర్యం అంతా ఆమెకిచ్చి, ప్రోగ్రాము రాసే ఓపిక అంతా హేమకిచ్చినట్టుంటారు ఇద్దరూ.

"తెర మీది కిటికీ మూసేసి ఉంటాడే," అంది సస్మిత ఒడియాలో. "పైన మూల గుణకారం గుర్తు ఉంటుంది కదా, అది నొక్కితే వెళ్ళేది ఒకటో నంబరు కబురు. దాన్ని నువ్వు పట్టుకోలేదు."

"అవును కదా!" అంది హేమ, ఏడుపు గొంతుతో.

"అయినా వెళ్ళి అడగవేం, ఎందుకు ఆపుతున్నావని?"

"పెద్దాయన... ఏమనుకుంటాడో."

"ఏమీ అనుకోడు. ఫెయిలయ్యేది మనం."

హేమ అడగలేదు. ఒకటో కబురుకీ జవాబు రాసింది. ఇప్పుడు కిటికీ మూసేసినా ప్రోగ్రాము వెనకాల నడుస్తూనే ఉంటుంది, టింగుమంటూనే ఉంటుంది. ఇక ఏం చేస్తావో చెయ్యి మామా అని మనసులో అనుకుని, ఆదివారం సాయంత్రం బస్సెక్కింది.

మూడో శనివారం ఆమె ఫైలు తెరవనక్కర్లేకపోయింది. గదిలోకి అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద, సుద్దముక్కతో, జానెడు పొడుగు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది. పికిల్, మైనస్ తొమ్మిది, ఐసు.

హేమ గోడకేసి చూస్తూ నిలబడిపోయింది. బజార్లో ఫోన్లు బాగుచేసే పింటు దస్తూరీ అది. ఆ 'కె' అక్షరం కాలు అలా చాపడం వాడికే చెల్లు.

"మామా," అంది. నోరు పెగిలిందంటే ఆమెకే ఆశ్చర్యం. "ఇది ఎవరు రాసినారు?"

"పింటుగాడు," అన్నాడు సూరన్న గర్వంగా. "నువ్వు నేర్పింది పని సెయ్యట్లేదే. కిటికీ మూసినా పోవట్లేదు. వాడు వొచ్చి ఇది రాసెట్టినాడు. ఒక్కొక్క అచ్చరం సూసి కొడతన్నాను. టక్కున సచ్చిపోతంది!"

హేమకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పికిల్ అంటే నడుస్తున్న ప్రోగ్రాముకి పేరు పెట్టి కబురు పంపే ఆజ్ఞ, మైనస్ తొమ్మిది అంటే తొమ్మిదో నంబరు కబురు. దానికి ఎవరూ జవాబు రాయలేరు. అది ప్రోగ్రాముదాకా రానే రాదు, సిస్టమే ప్రోగ్రాము గొంతు నులిమేస్తుంది. ప్రపంచంలో ఎంత గొప్పవాళ్ళు రాసిన ప్రోగ్రామైనా అంతే. రెండు వారాలుగా తను కట్టిన గోడలన్నీ ఒక సుద్దముక్క దూకేసింది.

ఆమెకి ఆ క్షణంలో పింటు మీద, సూరన్న మామ మీద, సి భాష మీద, తన మీద, అందరి మీదా ఒకేసారి కోపం వచ్చింది. నోట్లోంచి మాత్రం "సరే మామా" అని వచ్చింది.

పరీక్ష సోమవారం కాక పై సోమవారం, పదకొండు గంటలకి. ఏడు రోజులు కావాలంటే ఈ సోమవారం తెల్లవారే మొదలు కావాలి. ఇక వేరే దారి లేదు. హేమ ఆదివారం బస్సు ఎక్కలేదు. సోమవారం పొద్దున్న నాలుగున్నరకి లేచి, ఫ్యాక్టరీ వెనకవైపు నుంచి వచ్చి, ఐసు మీద కప్పే ఊక బస్తాల వెనక కూర్చుంది. అడగడం కంటే దాక్కుని చూడడమే ఆమెకి తేలిక.

అయిదు గంటలకి పడవలవాళ్ళు వచ్చారు. ముందు వచ్చింది హేమ నాన్న నరసన్నే, వెనక ముగ్గురు. సూరన్న దిమ్మలు మిషన్లో వేసి పగలగొట్టి రెండు పెట్టెల్లో నింపాడు. ఇద్దరిద్దరు చెరో పెట్టె ఎత్తుకుని గుమ్మం దాటారు. సముద్రం వైపు నాలుగు అడుగులు వేశారు.

టింగ్.

నలుగురూ ఆగిపోయారు. పెట్టెలు దించేశారు. ఎక్కడివాళ్ళక్కడ ఇసకలో చతికిలబడ్డారు.

"మళ్ళీ ఎనక నుంచి కూసిందిరా!" అన్నాడు నరసన్న. "సూరన్నా! నీళ్ళు!"

సూరన్న చెంబుతో పరుగెత్తాడు. ఒకరి తర్వాత ఒకరు నీళ్ళు తాగారు. వేటకి బయలుదేరినవాణ్ణి వెనకనుంచి పిలిస్తే, తుమ్మితే, ఏ కూతైనా వినిపిస్తే, కూర్చుని నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. ఆ వాడలో పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు. హేమకీ తెలుసు. నాన్న గడప దాటుతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆమెకి మాటలు రాకముందే అలవాటు.

నీళ్ళు తాగి లేచారు. పెట్టెలు ఎత్తారు. అయిదు అడుగులు.

టింగ్.

"నీ యమ్మ కడుపు మాడ!" అన్నాడు వెనకవాడు. పెట్టె దబ్బున పడింది. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ చెంబు. పెట్టె కిందనుంచి ఐసు కరిగి ఇసకలోకి నీళ్ళు కారుతున్నాయి.

"ఎన్ని నీళ్ళు తాగమంటావు సూరన్నా? సముద్రం తాగమంటావా?"

"ఎవుడెట్టినాడ్రా ఆ గంట?" నరసన్న కేక పెట్టాడు. "మూడు వారాలై సూస్తన్నాను. ఎవుడాడు? సెప్పు, కాళ్ళిరగ్గొడతాను."

"కంప్రెసరు మేస్త్రీ ఎట్టినాడు," అన్నాడు సూరన్న. కళ్ళార్పకుండా అబద్ధం. "ఆడు పొలసర ఎల్లిపోనాడు. వొచ్చినాక తీయిస్తాను. ఉండండుండండి, సంపేసి వొస్తాను." అని పంచె ఎగ్గట్టి గదిలోకి పరుగెత్తాడు. గోడ మీది అక్షరాలు చూసుకుంటూ ఒక వేలితో ఒక్కొక్క మీటా వెతికి కొడుతున్న చప్పుడు హేమకి బస్తాల వెనకకి వినిపించింది.

ఇదా సంగతి. రెండు వారాలుగా ఆమె ఒకటో నంబరుకీ రెండో నంబరుకీ కాపలా పెట్టింది. ఈ మనిషి మూడు వారాలుగా రోజూ పొద్దున్నే తన బదులు తిట్లు తింటున్నాడు. ఎందుకు చెప్పలేదు? తనెందుకు అడగలేదు? ఎవరి మీద విసుక్కోవాలో తెలియక, బస్తా మీద చేత్తో ఒక్క దెబ్బ కొట్టి లేచి నిలబడింది. ఊక జుట్టు నిండా ఉంది.

"నేనే ఎట్టినాను నాన్నా."

నలుగురూ తలలు తిప్పారు. నరసన్న నోరు తెరిచి కూతుర్ని చూశాడు. ఈ పిల్ల గొంతు ఇంత దూరం వినిపించడం ఆయన ఎప్పుడూ ఎరగడు.

"నువ్వా?"

"మిషను నడస్తందో లేదో తెలియాలని ఎట్టినాను. మీరెల్లే టైమని నాకు తట్టలేదు. తీసేస్తాను. ఇప్పుడే తీసేస్తాను."

"మరి సూరన్న, మేస్త్రీ ఎట్టినాడన్నాడేటి?"

"నీకు భయపడి," అన్నాడు సూరన్న గుమ్మంలోంచి. "కాళ్ళిరగ్గొడతానంటివి కదా. ఇరగ్గొట్టు మరి, సూద్దాం."

వెనకనున్న ముగ్గురికీ నవ్వొచ్చింది. నరసన్నకి రాలేదు. "వేటకెల్లేటప్పుడు ఆడగుంటల్తో మాట్లాడించేస్తన్నారు," అని గొణిగి, ఎందుకైనా మంచిదని ఇంకో గుక్క నీళ్ళు తాగి, పెట్టె ఎత్తాడు. ఈసారి ఏ చప్పుడూ రాలేదు.

హేమ కంప్యూటరు ముందు కూర్చుని ఆ టింగుమనే వరుసని చెరిపేసింది. ఒకే ఒక్క వరుస.

"ముందే సెప్పొచ్చు కదా మామా!" అంది తల తిప్పకుండా.

"నువ్వు అడగొచ్చు కదే! వొస్తావు, మిషన్లో తల దూరుస్తావు, ఎల్లిపోతావు. సదూకున్న గుంట, ముచ్చటపడి ఎట్టుకుంది, తీసెయ్యమంటే ఏడుస్తాదనుకున్నాను. ఆపడానికి మీటలు నువ్వే కదా నేర్పినావు. మళ్ళీ నువ్వే పని సెయ్యకుండా సేసినావు. నాకు పిచ్చెక్కిపోనాది!"

"నాకూ పిచ్చెక్కిపోనాది!"

సూరన్న ఖాళీ చెంబు బల్ల కింద పెట్టాడు. తర్వాత సూరన్న అడిగాడు. "మరి నిజంగా ఆపాలిసొస్తే?"

హేమ ఆలోచించింది. నంబరు చెప్పకపోతే పికిల్ పంపేది పదిహేనో నంబరు కబురు. అది చంపదు, ఆగమని అడుగుతుంది. ఆ కబురు వస్తే, రాస్తున్న వరుస పూర్తిచేసి, ఎన్నింటికి ఎందుకు ఆగుతోందో ఫైల్లో రాసి, ఫైలు మూసి ఆగమని ప్రోగ్రాముకి నేర్పింది. ఆ తర్వాత వేలు తడిచేసుకుని గోడ మీద మైనస్ తొమ్మిదిని చెరిపేసింది. మిగిలింది పికిల్, ఐసు.

"అసలు ముక్క సెరిపేసినావు కదే. ఇప్పుడు సస్తాదా?"

"సావదు. నువ్వు సెప్తే ఆగుతాది. అయినా ఆపకు మామా. సోమవారం దాకా ఆపకు. నా పేపరు పోతాది. నాన్న సదువు మానిపించేస్తాడు."

ఈ సంగతి ఆయనకి చెప్పడం కూడా అదే మొదలు. సూరన్న ఆమెకేసి చూసి, "ఆ మాట మొదట్నాడే సెప్పుంటే ఈ గదికి తాళమేసి ఉందును," అన్నాడు.

మంగళ, బుధ, గురువారాలు గడిచాయి. హేమ రోజూ సాయంత్రం హల్దియాపదర్ నుంచి ఫోను చేసేది. "నడస్తందే తల్లీ, నడస్తంది, నువ్వు ఫోను సేస్తే ఆగిపోయేలాగుంది," అనేవాడు సూరన్న.

శుక్రవారం పదీ యాభైకి ఆయనే చేశాడు. హేమ లాబులోంచి వరండాలోకి పరుగెత్తింది.

"కరెంటోళ్ళు వొచ్చినారు. పదకొండింటికి లైను తీసేస్తారట. రెండు గంటలు. ఎంత బతిమాలినా ఇనరు. ఏటి సెయ్యమంటావు?"

హేమ గోడకి ఆనుకుంది. నాలుగు రోజులు. నాలుగు రోజులు నడిచి ఇప్పుడు. గవర్నమెంటు వైర్లకి ఏ నంబరు కబురు పంపాలి?

"ఇను మామా. కరెంటు పోకముందే నువ్వే ఆపు. గోడ మీదున్నది కొట్టు."

ఫోను బల్ల మీద పెట్టి ఆయన కొట్టడం మొదలెట్టాడు. "పీ... కే... ఈ రెండు నిలువు గీతలు ఒకటేనా, వేరా?... ఆఁ. కొట్టినాను. ఏదో రాసిందే. ఆగిపోనాది."

"కరెంటు వొచ్చాక మళ్ళీ మొదలెట్టు," అని హేమ ఫోను పెట్టేసింది.

సస్మిత వెనకనే ఉంది. "రెండు గంటలంటే నూట ఇరవై వరుసలే కదా. మనమే రాసేద్దాం. మైనస్ తొమ్మిది, మైనస్ తొమ్మిది, మైనస్ పది. ఎవడికి తెలుస్తుంది?"

హేమ చేతులకి ఆ పని చేసెయ్యాలనే ఉంది. "కరెంటే లేనప్పుడు తొట్టె చల్లగా ఎలా ఉంటుందే? తెలిసినవాడు చూస్తే రెండో వరుసకే పట్టుకుంటాడు. ఇంత కష్టపడి ఇప్పుడు అబద్ధం రాస్తే, ఆ తీగ తొట్టెలో ఎందుకు వేసినట్టు?" విసుగ్గా అంది. "ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం. పోతే పోయింది."

ఆదివారం ఊరికి వెళ్ళిన హేమ, సోమవారం ఏడు రోజులు నిండగానే ఫైలు తీసుకుని పొద్దున్న బస్సుకే తిరిగొచ్చింది. పదకొండింటికి బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్ష సారు కళ్ళద్దాలు సర్దుకుని కాగితాలు తిరగేశాడు. పక్కన వాళ్ళ సారు. శుక్రవారం దగ్గర వేలు ఆగింది.

"తెగకుండా అన్నాను కదా," అన్నాడు వాళ్ళ సారు, పరీక్ష సారుకంటే ముందే.

సస్మిత నోరు తెరవబోయింది. కానీ హేమే మాట్లాడింది. "కరెంటు తీశారు సార్. పదీ యాభై ఎనిమిదికి ఆగమని పదిహేనో కబురు వచ్చింది, రాస్తున్న వరుస పూర్తిచేసి ఆగింది. ఒంటిగంటా తొమ్మిదికి మళ్ళీ మొదలైంది. రెండూ అందులో ఉన్నాయి సార్. అప్పటికి తొట్టె మైనస్ అయిదుకి వచ్చేసింది. అదీ ఉంది."

"కబురు రాగానే, హ్యాండ్లర్లోనే ఫైలు మూసెయ్యొచ్చుగా?" అన్నాడు పరీక్ష సారు.

"కూడదు సార్. కబురు ఎప్పుడైనా రావచ్చు. సగం వరుసలో ఉండగా రావచ్చు. ఐసు డబ్బా గొలుసుకి వేలాడుతుండగా ఎవరైనా ఆగమని అరిస్తే, సూరన్న మామ డబ్బా వదిలెయ్యడు. 'ఆఁ' అంటాడు, దించుతాడు, అప్పుడు ఆగుతాడు. హ్యాండ్లర్ 'ఆఁ' అనడం వరకే సార్. ఒక గుర్తు పెట్టి వెళ్ళిపోతుంది. దించడం అసలు ప్రోగ్రాము పని."

పరీక్ష సారు కాగితాలు బల్ల మీద పెట్టాడు. "కరెంటు పోయిందని నాకేం నమ్మకం? మీరే చెడగొట్టుకుని రాసుకున్నారేమో. ఎవరీ సూరన్న? నంబరివ్వు."

హేమ నంబరు ఇచ్చింది. ఆయన స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. వెనకనుంచి కంప్రెసరు మోత, గొలుసు చప్పుడు.

"హలో, శుక్రవారం మీ దగ్గర కరెంటు తీశారా?" ఒడియాలో అడిగాడు.

"తీసినారు," తెలుగులోనే అరిచాడు సూరన్న. "పదకొండింటి నుంచి ఒంటిగంట దాకా. అందుకే ఆ గుంట సెప్పినట్టు ఆపినాను. ఎవుడు నువ్వు? కరెంటాఫీసా? దిమ్మలెత్తే టైంలో ఫోను సేస్తావేటి? డబ్బా గాల్లో ఉంది! ఉండు." దబ్బున ఏదో దించిన చప్పుడు. తర్వాత ఫోను కట్టయిపోయింది.

సస్మిత చున్నీ నోట్లో కుక్కుకుంది. వాళ్ళ సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బరంపురంలో ముప్ఫై ఏళ్ళున్న పరీక్ష సారుకి తెలుగు బాగానే వచ్చు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, కాగితం మీద ఏదో వేసి, "దించాకే ఆపాడు," అన్నాడు తనలో తను. "పాస్. తర్వాతి జంటని పంపండి."

వరండాలోకి వచ్చారో లేదో హేమ ఫోను మోగింది.

"ఎవుడే ఆ పెద్దమనిషి, నన్ను ప్రెశ్నలేస్తన్నాడు? ఇక్కడ నాకు సెయ్యి నలిగిపోబోయింది!"

"పరీక్ష సారు మామా! పాసైపోనాను!"

"అయితే ఆడొక్క రోజు ముందు సెప్పకూడదా? స్నానం సేసి కూకుందును కదా!"

"నాకు మాత్రం తెలుసా ఆయన నీకు ఫోను సేస్తాడని!" హేమ అరిచింది. వరండాలో వరసలో నిలబడ్డ పిల్లలందరూ తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు. "ఎవరూ ఏటీ ముందు సెప్పరు నాకు! నాన్న వేట నుంచి వొచ్చినాడా? వొస్తే సెప్పు. కాదు, నువ్వు సెప్పకు. నేనే సెప్తాను. రాగానే ఫోను ఆయనకియ్యి!"